ఎంవీపీ కాలనీయా, మధురవాడా? వైజాగ్‌లో అద్దెకి ఎక్కడ దిగితే మంచిది

టెక్కలి_అబ్బాయి

అందరికీ నమస్తే. బెంగళూరు నుంచి వైజాగ్‌కి మారుతున్నాం. స్కూళ్లు తెరిచేలోపు ఇల్లు కుదుర్చుకోవాలి, ఇంట్లో రోజూ ఇదే చర్చ, ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా సంగతి ఇదీ. నా ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద, వారానికి మూడు రోజులు వెళ్లాలి, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే. మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది, సిరిపురం బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అయింది, తనకి వర్క్ ఫ్రమ్ హోమ్ లాంటివేమీ ఉండవు, పొద్దున తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉండాల్సిందే. పాప మూడో తరగతికి వస్తుంది. అమ్మ మాతోనే ఉంటుంది, షుగరుంది, మోకాళ్లు అరిగిపోయాయన్నారు, మెట్లు ఎక్కలేదు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా టెక్కలి పక్కన. పొలం కౌలుకిచ్చేశాం గానీ అమ్మకి ఊరి మీద బెంగ, రెండు నెలలకోసారైనా తీసుకెళ్లకపోతే ఊరుకోదు.

అద్దె మెయింటెనెన్స్‌తో కలిపి పాతిక వేల లోపు అనుకుంటున్నాం. ఫోన్లో వాకబు చేస్తే మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో డబుల్ బెడ్రూం పదిహేను, పదహారు వేలకి దొరికేలా ఉంది. అదే డబ్బుకి ఎంవీపీలో చూపించినవన్నీ పాత బిల్డింగులు, కాస్త బాగున్నది కావాలంటే ఇరవై రెండు, ఇరవై నాలుగు చెబుతున్నారు. మా బావమరిది మధురవాడలోనే ఉంటాడు, "ఊరంతా ఇటే పెరుగుతోంది బావా, ఎంవీపీలో ఇంకేముంది" అంటాడు. మా పెద్దమ్మ వాళ్లబ్బాయి ఎంవీపీలో పుట్టి పెరిగాడు, వాడి దృష్టిలో ఈ రెంటికీ మధ్యలో ఉన్న హనుమంతవాక జంక్షన్ దాటితే అది వైజాగే కాదు. ఇద్దరి మాటా పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు.

నీళ్ల సంగతేంటి, పొద్దున ట్రాఫిక్ నిజంగా ఎలా ఉంటుంది, సముద్రం గాలికి సామాన్లన్నీ తుప్పు పట్టిపోతాయంటున్నారు, అది ఎంతవరకు నిజం? అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి. ఇప్పట్లో కొనే ఆలోచన లేదు, దయచేసి ప్లాట్ల వాట్సాప్ మెసేజులు పంపకండి.

సెక్టార్_ఐదు

మీ పెద్దమ్మ వాళ్లబ్బాయి బాపతే నేనూ, కాబట్టి నా మాట కాస్త తగ్గించే తీసుకోండి.

ఎంవీపీలో అసలు సుఖం ఏంటంటే ఇది ముందు లేఅవుట్ గీసి, తర్వాత ఇళ్లు కట్టిన కాలనీ. వుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) వాళ్లు ఒకటి నుంచి పన్నెండు దాకా సెక్టార్లు వేశారు, ప్రతి సెక్టారుకీ లోపల పార్కో, ఖాళీ స్థలమో ఉంది, రోడ్లు ఒకదానికొకటి కలుస్తాయి, ఒక వీధి మూసేసినా ఇంకో వీధిలోంచి బయటపడొచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వైజాగ్‌లో ఎక్కడెక్కడో తిరిగి వస్తే అప్పుడు తెలుస్తుంది. మందుల షాపు, పిండి మర, టైలరు, రక్తపరీక్షల ల్యాబు, అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే. రైతుబజారు మాత్రం పొద్దున్నే వెళ్లాలి. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి రైతులు కూరగాయలు తెస్తారు, తోటకూర కట్ట మీద ఇంకా నీటి చుక్కలుంటాయి, గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసి ఉంటాయి కాబట్టి బేరాల గోల తక్కువ. తొమ్మిది దాటాక వెళ్తే మిగిలేది ముదిరిన బెండకాయలే. మీ అమ్మగారు పల్లెటూరి మనిషి కదా, అపార్ట్‌మెంట్లో కూర్చోబెడితే వారంలో విసుగొచ్చేస్తుంది. ఇక్కడైతే సాయంత్రం కిందికి దిగి నాలుగడుగులు వేస్తే మాట్లాడటానికి ఎవరో ఒకరు దొరుకుతారు, సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే.

చేపలు తినేవాళ్లయితే పెదజాలారిపేట పక్కనే, పడవలొచ్చే వేళకి వెళ్తే వంజరం, చందువా తాజాగా దొరుకుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఐసు చేపలే గతి.

మీ ఆఫీసు గురించి ఒక మాట. ఎంవీపీ నుంచి అప్పుఘర్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా బీచ్ రోడ్డులో రుషికొండ తొమ్మిది కిలోమీటర్లుంటుందేమో. పొద్దున జనమంతా ఊళ్లోకి వస్తుంటే మీరు ఊరి బయటికి వెళ్తారు, కాబట్టి ఇరవై, పాతిక నిమిషాల్లో చేరిపోతారు. ఆ రోడ్డు పాడయ్యేది ఆదివారం సాయంత్రం, పండగ సెలవుల్లో, అప్పుడు టూరిస్టు బస్సుల వెనక నిలబడాల్సిందే.

ఇక చెడ్డది. అపార్ట్‌మెంట్లు చాలా పాతవి. మూడంతస్తులు, లిఫ్టు లేదు, కింద పార్కింగులో ఫ్లాటుకి ఒక కారు కూడా సరిగ్గా పట్టదు. మీ అమ్మగారి మోకాళ్లకి ఇది పెద్ద అడ్డంకి. గ్రౌండ్ ఫ్లోర్ గానీ లిఫ్టున్న ఇల్లు గానీ దొరికితేనే ఎంవీపీ, లేకపోతే వద్దు అంటాను, నేను ఎంవీపీ వాడినై ఉండి కూడా.

కార్‌షెడ్_మావ

తొందరపడకండి, మధురవాడ వైపు కూడా వినండి.

ముందు ఒకటి ఒప్పుకోవాలి, మధురవాడ అన్నది ఒక కాలనీ కాదు. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 ఊళ్లనీ కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) చేసినప్పుడు ఊళ్లోకి వచ్చిన ప్రాంతం ఇది, అప్పటిదాకా పంచాయతీ. అందుకే ఇక్కడ వీధి వీధికీ తేడా. మిథిలాపురి వుడా కాలనీలో ఉంటే ఎంవీపీలాగే తీరుగా ఉంటుంది, అదే చంద్రంపాలెం పాత ఊళ్లోకి వెళ్తే కారు తిప్పడానికి చోటుండదు, కొమ్మాది అవతల కొత్త లేఅవుట్లలో రోడ్డు వెడల్పే గానీ వీధి దీపం వెలగదు. కాబట్టి "మధురవాడ బాగుంటుందా" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఏ వీధి అని అడగాలి.

నీళ్ల సంగతి దాచను. చాలా అపార్ట్‌మెంట్లు బోరు మీదే నడుస్తాయి. జీవీఎంసీ కుళాయి కనెక్షన్ ఉన్న బిల్డింగా, ఒట్టి బోరా అన్నది ముందు అడగండి, ఓనర్ని కాదు, వాచ్‌మన్ని. ఏప్రిల్, మే వచ్చేసరికి బోరు దిగిపోతే ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో వేస్తారు, అప్పుడు మీ పదహారు వేల అద్దె పదహారు వేలుగా ఉండదు. నీళ్లు ఉప్పగా లేకపోయినా గట్టిగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. ఇదంతా తెలిసే ఇక్కడ ఉంటున్నాం, ఎందుకంటే మిగతావి బాగున్నాయి.

లిఫ్టు, జనరేటరు, కారు పెట్టుకోవడానికి చోటు, పిల్లలు ఆడుకోవడానికి సెల్లార్, గాలి, వెలుతురు, ఇవన్నీ పదిహేను వేలకే వస్తాయి. మీ ఆఫీసు లా కాలేజ్ రోడ్డులోంచి వెళ్తే పది, పన్నెండు నిమిషాలు. రాత్రిళ్లు కంబాలకొండ వైపు నుంచి చల్లగాలి వస్తుంది, బీచ్ దగ్గర ఉండే ఉక్క ఇక్కడ కాస్త తక్కువ. కొండ పక్క ఇళ్లలో వానాకాలం పాములు కనిపిస్తాయి, అదీ చెప్పాలి కదా.

టెక్కలి వెళ్లడానికి మాకంటే సుఖం ఎవరికీ లేదు. శ్రీకాకుళం వైపు వెళ్లే బస్సులు మా ముందు నుంచే హైవే ఎక్కుతాయి, ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెనక్కి వెళ్లి మళ్లీ ఇదే రోడ్డులో రావడం అనే శిక్ష ఉండదు. కారయితే ఇంకా బేగి వెళ్లిపోతారు, మధురవాడ దాటితే ఇక ఊరి ట్రాఫిక్ ఉండదు.

భయపడాల్సింది హైవే దాటడానికి. కార్‌షెడ్ జంక్షన్ దగ్గర గానీ కొమ్మాది దగ్గర గానీ పెద్దవాళ్లని ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి బైపాస్ వేశాక లారీలు కొన్ని తగ్గాయి గానీ బస్సులు, కార్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఇక్కడి క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఇంట్లోనే ఉండటం ఉత్తమం.

జగదాంబ_బాబాయ్

మధురవాడలో అద్దె మిగులుతుంది. మిగిలింది తీసుకెళ్లి పెట్రోల్ బంకులో ఇవ్వాలి. అంతే తేడా.

కార్‌షెడ్_మావ

బాబాయ్, మీరు జగదాంబ సెంటర్లో ఉండి మమ్మల్ని పెట్రోలు గురించి అంటున్నారా. మీకు స్కూటర్ పార్కింగ్ దొరికేలోపు మేం ఆఫీసుకి వెళ్లి టీ తాగేస్తాం.

కొమ్మాది_టు_ద్వారకానగర్

నేను మీ ఆవిడ గురించి రాస్తాను, ఎందుకంటే పైన అందరూ మీ ఆఫీసు గురించే మాట్లాడుతున్నారు, మీరు వెళ్లేది వారానికి మూడు రోజులు. ఆవిడ వెళ్లేది ఆరు రోజులు, సెలవు శనివారాలు తీసేస్తే.

నాదీ బ్యాంకు ఉద్యోగమే. కొమ్మాదిలో ఉంటాను, ద్వారకానగర్‌లో పని. సొంతిల్లు కాబట్టి ఉంటున్నాను, అద్దెకయితే ఎప్పుడో మారిపోయేదాన్ని. దూరం పదిహేను కిలోమీటర్లు, పెద్ద దూరమేమీ కాదు. కానీ ఆ దూరమంతా ఒకే రోడ్డు. ఎండాడ దాటి హనుమంతవాక సిగ్నల్‌కి వచ్చేసరికి ఆరిలోవ, సింహాచలం వైపు నుంచి వచ్చేవాళ్లు కలుస్తారు, అక్కడి నుంచి వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం, ప్రతి చోటా ఇంకొంతమంది కలుస్తుంటారు. ఇంటి దగ్గర ఎనిమిదింపావుకి బయల్దేరితే హాయిగా చేరతాను, ఎనిమిదీ నలభైకి బయల్దేరితే తొమ్మిదిన్నరకి సీట్లో ఉండటం దైవాధీనం. ఆ పాతిక నిమిషాల తేడాలోనే పిల్లకి జడ వేయడం, టిఫిన్ పెట్టడం, స్కూల్ వ్యాన్ ఎక్కించడం ఉంటాయి. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో నాకు తెలియదు, తెలిసినట్టే అనిపిస్తోంది.

బస్సుల మాటకొస్తే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డో ఏదో ఒక గుర్తింపు కార్డో చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నాకు నెలకి పెట్రోలు బాగానే మిగిలింది. కానీ మధురవాడ చేరేసరికే బస్సు నిండిపోయి వస్తుంది, తగరపువలస నుంచి వచ్చే బండి కదా. నిలబడి వెళ్లడం అలవాటైపోతే ఫర్వాలేదు. రాత్రి తిరిగి రావడం మాత్రం ఆలోచించుకోవాలి. మార్చి నెలాఖరు, ఆడిట్, ఏదో ఒకటి వచ్చి బ్యాంకు నుంచి బయటపడేసరికి ఎనిమిదవుతుంది, అప్పుడు మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి, కొమ్మాదిలో దిగి, సర్వీస్ రోడ్డు పక్క చీకట్లో నడిచి ఇంటికి రావాలి.

సిరిపురం నుంచి ఎంవీపీ స్కూటర్ మీద పది, పదిహేను నిమిషాలు. ఆంధ్రా యూనివర్సిటీ పక్క నుంచి పెదవాల్తేరు మీదుగా హైవే ఎక్కకుండానే వెళ్లిపోవచ్చు. మీరు ఎంవీపీ నుంచి రుషికొండ వెళ్తే వాన పడ్డా ఎండ కాసినా అరగంటలోపే. అంటే ఎంవీపీలో ఉంటే మీకు ఓ పది, పదిహేను నిమిషాలు పెరుగుతుంది, మధురవాడలో ఉంటే ఆవిడకి రోజుకి గంట పైన పోతుంది. ఇంట్లో ఎవరి టైము జరపడానికి వీల్లేదో వాళ్లని బట్టి ఇల్లు చూసుకోవాలి అని నా అభిప్రాయం.

ఒక్క విషయంలో మాత్రం మధురవాడకే మార్కు. పాప స్కూలు ఇంటి దగ్గరే వేస్తారు కదా, మధ్యాహ్నం జ్వరమొచ్చిందని ఫోన్ వస్తే రుషికొండ నుంచి మీరు పది నిమిషాల్లో వెళ్లగలరు. ఎంవీపీ అయితే ఆ పని ఎవరు చేయాలో ముందే మాట్లాడుకోండి.

టెక్కలి_అబ్బాయి

మేడమ్, మీ మెసేజ్ మా ఆవిడకి చదివి వినిపించాను. "ఇన్నాళ్లకి ఎవరో ఒకరు నా గురించి అడిగారు" అంది, నా వైపు చూడకుండా. జడ వేసేది ఎవరో మీరు ఊహించింది కరెక్టే.

కార్‌షెడ్ మావ గారూ, వాచ్‌మన్ని అడగమన్న సలహా బాగుంది. బెంగళూరులో ట్యాంకర్ల బతుకు చూశాం, అందుకే నీళ్లంటే టెన్షన్.

ఉప్పు గాలి గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. కిందటేడే రెండు ఏసీలు, ఫ్రిజ్ కొత్తవి కొన్నాం, ఇంకా ఈఎంఐ కూడా తీరలేదు. అవి ఎంవీపీకి తెస్తే పాడైపోతాయా?

ఏసీ_డాక్టర్

ఇది నా పని కాబట్టి చెప్తాను. ఎంవీపీ, లాసన్స్ బే, మధురవాడ అన్ని చోట్లా తిరుగుతాను.

ఉప్పు గాలి నిజమే, కానీ ఎంవీపీ అంతా ఒకటే కాదు. అప్పుఘర్ వైపు, సముద్రం కనిపించే బిల్డింగుల్లో ఔట్‌డోర్ యూనిట్ కవర్ విప్పితే అల్యూమినియం రేకులు తెల్లగా పొడి పొడిగా అయిపోయి ఉంటాయి, వేలితో తాకితే రాలతాయి. రాగి గొట్టం వంపు తిరిగే చోట పచ్చగా పట్టి సన్నటి బెజ్జం పడుతుంది, గ్యాసు పోతుంది, నింపితే మళ్లీ పోతుంది. స్క్రూలకి తల ఉండదు, స్క్రూడ్రైవర్ పెడితే ముక్కలైపోతుంది. అదే హైవే వైపు సెక్టార్లలో, వెంకోజీపాలెం, ఇసుకతోట పక్కన, మధ్యలో ఇన్ని బిల్డింగులు అడ్డం ఉన్నాయి కాబట్టి ఈ గొడవ చాలా నెమ్మదిగా వస్తుంది. సముద్రం కనిపించే బాల్కనీకి ఓనర్ అద్దె ఎక్కువ అడుగుతాడు, తర్వాత నా బిల్లు కూడా మీరే కడతారు.

మీ ఏసీలు కాపర్ కాయిలా, అల్యూమినియమా చూసుకోండి. కాయిల్ మీద నీలం రంగు కోటింగ్ ఉంటే కొంత నయం. ఔట్‌డోర్ యూనిట్‌ని సముద్రం వైపు గోడకి బిగించనివ్వకండి, వెనక వైపు గానీ సందులో గానీ పెట్టించండి. నెలా రెండు నెలలకోసారి కరెంటు ఆపేసి మామూలు మంచినీళ్లతో పైనుంచి కడగండి, పైపు ఫోర్సుగా కొట్టకండి, రేకులు వంగిపోతాయి. ఇది ఎవరూ చేయరు. చేసినవాళ్ల యూనిట్లు నాకు చూడగానే తెలుస్తాయి. ఫ్రిజ్ వెనక గోడకి ఆనించొద్దు, కింద ప్లాస్టిక్ స్టాండ్ వేయండి, వాషింగ్ మెషీన్ని బాల్కనీలో పెట్టొద్దు. కిటికీ గ్రిల్స్‌కి పెయింట్ ఓనరే వేయించాలని అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

మధురవాడ వెళ్తే ఇవేవీ ఉండవు అనుకోకండి. అక్కడ బోరు నీళ్లకి గీజర్ లోపలి రాడ్డు సున్నం కట్టేస్తుంది, విప్పితే సున్నపు గడ్డలు దొర్లుతాయి. వాషింగ్ మెషీన్ హీటర్, షవర్ చిల్లులు, ఆర్‌వో ఫిల్టర్, అన్నీ అదే కథ. కొత్త బిల్డింగులు లేస్తూనే ఉంటాయి కాబట్టి దుమ్ము, ఏసీ ఫిల్టర్ పదిహేను రోజులకే మూసుకుపోతుంది. మాకు రెండు చోట్లా పని ఉంటుంది లెండి.

సాగరకన్య_కాదు

హుద్‌హుద్ తుపానుని ఎవరూ తలవలేదు ఇంకా. 2014 అక్టోబర్ 12న ఎంవీపీలో చెట్లన్నీ నేలకి ఒరిగాయి, మధురవాడలోనూ రేకులు ఎగిరాయి, కరెంటు ఎవరికీ లేదు. ఆ లెక్కన రెండూ ఒకటే. కిటికీ అద్దాలు మాత్రం తూర్పు వైపు పెద్దవి ఉన్న ఇల్లు తీసుకోకండి, తుపాను రాకపోయినా వానాకాలం జల్లు లోపలికి కొడుతుంది.

హెల్త్‌సిటీ_పక్కన

మీరంతా రెండు కొసలు పట్టుకుని లాగుతున్నారు, మధ్యలో ఉన్నవాటిని మర్చిపోయారు. విశాలాక్షినగర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ కూడా చూడండి. షుగరున్న పెద్దావిడ ఇంట్లో ఉన్నప్పుడు ఆసుపత్రి దూరం లెక్కేసుకోవాలి కదా. ఆరిలోవ హెల్త్ సిటీలో వరసగా కార్పొరేట్ ఆసుపత్రులున్నాయి, హనుమంతవాక దగ్గర ప్రభుత్వ విమ్స్ ఆసుపత్రి ఉంది, కంటికి ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి కూడా అక్కడే. షుగరు వాళ్లకి ఏడాదికోసారి రెటీనా చూపించాలంటారు, మా అమ్మని ఆటోలో తీసుకెళ్లి గంటన్నరలో తెచ్చేస్తాను. ఎంవీపీ నుంచీ ఇవి దగ్గరే, మధురవాడ నుంచి కూడా మరీ దూరం కాదు, కాకపోతే రాత్రి పూట అర్జెంటయితే ఎండాడ దాటి రావాలి.

ఊరికి వెళ్లే బస్సు గురించి కార్‌షెడ్ మావ చెప్పింది నిజమే గానీ, ఎంవీపీలో ఉన్నా కాంప్లెక్స్ దాకా పోనక్కర్లేదు, మద్దిలపాలెంలో శ్రీకాకుళం బస్సు ఎక్కొచ్చు. ఆటోలో పది నిమిషాలు. రెండు నెలలకోసారి వెళ్లే ప్రయాణం కోసం రోజూ ఉండే ఇల్లు నిర్ణయించుకోవడం నాకైతే అర్థం కాదు.

ఇంకోటి, "మెట్రో వస్తుంది, కొమ్మాది నుంచే మొదలు" అని మధురవాడ ఓనర్లు అద్దెలో కలిపేస్తుంటారు. కొమ్మాది నుంచి స్టీల్ ప్లాంట్ దాకా ప్రతిపాదన ఉన్న మాట నిజమే. పని మొదలైతే ముందు తవ్వేది ఆ హైవేనే, ఆ రోజుల్లో మీ ఆవిడగారు సిరిపురం ఎలా వెళ్తారో ఆలోచించండి. ఎలాగూ బ్యాంకు వాళ్లకి మూడేళ్లకో నాలుగేళ్లకో ట్రాన్స్‌ఫర్ తప్పదు, ఎప్పుడో వచ్చే మెట్రోకి, భోగాపురం విమానాశ్రయానికి మీరు ఇప్పుడు అద్దె కట్టడం దేనికి? అవన్నీ కొనుక్కునేవాళ్ల లెక్కలు.

సెక్టార్_ఐదు

హెచ్‌బీ కాలనీ చూస్తే గిరి ప్రదక్షిణ రోజు గుర్తుపెట్టుకోండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు కదా, ఆ దారి హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ మీదుగానే పోతుంది. ఆ రాత్రంతా కారు బయటికి తీయలేరు. అయినా ఫిర్యాదు చేయను, వీధి వీధికీ మజ్జిగ, పులిహోర పంచుతారు, మీ అమ్మగారు గుమ్మంలో కూర్చుని చూస్తే చాలు, టెక్కలి మర్చిపోతారు.

ఇంకో సంగతి, మెయింటెనెన్స్ లెక్క కూడా అడగండి. ఎంవీపీ పాత బిల్డింగుల్లో వాచ్‌మన్, మోటారు కరెంటు తప్ప పెద్ద ఖర్చుండదు, వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. కొత్త గేటెడ్ వాటిలో లిఫ్టు, జనరేటరు, సెక్యూరిటీ, ట్యాంకరు కలిపి మూడు వేలు కూడా దాటుతుంది. అప్పుడు రెండు చోట్లకీ అద్దెలో మీరు అనుకున్నంత తేడా ఉండదు.

టెక్కలి_అబ్బాయి

అందరికీ థాంక్స్, ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఎంవీపీలో హైవే వైపు సెక్టార్లు, వెంకోజీపాలెం, ఇసుకతోట ముందు చూస్తాం. లిఫ్టు గానీ గ్రౌండ్ ఫ్లోర్ గానీ ఉంటేనే, ఇది మా ఆవిడ పెట్టిన షరతు. అలాంటిది పాతిక వేల లోపు దొరక్కపోతే మిథిలాపురి వుడా కాలనీలో చూస్తాం, అప్పుడు జడలు వేసే పని నాది, ఇది కూడా ఆవిడ షరతే. మా బావమరిదికి ఇంకా చెప్పలేదు, చెబితే నెల రోజులు మాట్లాడడు.

వచ్చే శని, ఆదివారాలు వచ్చి ఇళ్లు చూద్దామని టికెట్లు తీశాం. ఏమేం అడగాలో ఇంకెవరైనా చెప్పగలరా?

కార్‌షెడ్_మావ

మిథిలాపురి రెండో నంబర్లో పెట్టారు కాబట్టి నాకు కోపం లేదు.

ఆదివారం చూస్తే వైజాగ్‌లో అన్ని ఇళ్లూ బాగుంటాయి. సోమవారం సెలవు పెట్టి ఉండిపోండి. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఇంటి ముందు నుంచి మీ ఆవిడగారిని స్కూటర్ మీద సిరిపురం దాకా ఒకసారి వెళ్లి చూడమనండి, స్కూటర్ లేకపోతే ర్యాపిడో బైక్ టాక్సీ బుక్ చేయండి. కుళాయి ఎన్ని గంటలకి వస్తుందో, ఎంతసేపు వస్తుందో పక్కింటివాళ్లని అడగండి. లిఫ్టుందని చెబితే కరెంటు పోయినప్పుడు అది జనరేటర్ మీద నడుస్తుందా లేదా అని కూడా అడగండి, చాలా చోట్ల జనరేటర్ అంటే మెట్ల దగ్గర లైట్లకి మాత్రమే. అడ్వాన్సు బెంగళూరులోలాగా పది నెలలది ఇవ్వకండి, ఇక్కడ రెండు, మూడు నెలలది చాలు. బెంగళూరు నుంచి వచ్చారని తెలిస్తే పెంచి అడుగుతారు, టెక్కలి నుంచి వచ్చామని చెప్పండి.